కుండీలో మిరప ఆకులు వాలిపోయాయా, ఉబ్బాయా? మగ్గు పట్టుకునే ముందు ఇలా చూడండి

సాయంత్రం మేడ ఎక్కేసరికి, నిన్నటిదాకా నిటారుగా ఉన్న మిరప మొక్క తల వేలాడేసి కనిపిస్తుంది. ఆకులన్నీ తడిగుడ్డ ఆరేసినట్టు కిందికి జారి ఉంటాయి. చేయి దానంతటదే మగ్గు కోసం వెళ్తుంది. అక్కడే ఒక్క నిమిషం ఆగండి. మేడ మీద మొక్కలు పెంచేవాళ్ళలో నేను చూసినంతవరకు, మొక్క ఎండిపోయి పోగొట్టుకున్నవాళ్ళ కంటే, అది వాలిందని కంగారుపడి నీళ్ళు పోసి పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువ. నేనూ ఆ పని చేశాను.

నాలుగేళ్ల కిందట జులైలో ప్లాస్టిక్ బకెట్లలో ఆరు మిరప మొక్కలు పెట్టాను. వారం రోజులు ముసురు పట్టింది. ఆకులు వాలడం మొదలైంది. పాపం దాహమేమో అనుకుని వాన పడని పూటల్లా చెరో మగ్గు పోశాను. పది రోజుల్లో నాలుగు మొక్కలు పోయాయి. పల్నాడులో మిరప సాగు చేసే మా బాబాయికి ఫొటోలు పంపి ఫోన్ చేస్తే, ఆయన అడిగింది ఒక్కటే: "మట్టిలో వేలు పెట్టి చూశావా తల్లీ?" చూడలేదు బాబాయ్ అన్నాను. "నీళ్ళు ఎక్కువైన మొక్క కూడా దప్పికగొన్న మొక్కలాగే ఉంటుందమ్మా. దాని మొహం చూసి పోయకు, మట్టి చూసి పొయ్యి."

అప్పటినుంచి నేను పాటిస్తున్న వరస ఇది. మిరపను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను కానీ టమాటా, వంగ కూడా ఇదే కుటుంబం కాబట్టి చాలావరకు వాటికీ పనికొస్తుంది.

మొదట: ఏ పూట వాలిందో చూడండి

మధ్యాహ్నం రెండు గంటలకు వాలిన మొక్కను చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మేడ మీద స్లాబు సెగ దానికి తోడు. ఆకుల నుంచి ఆవిరై పోయే నీళ్ళంత వేగంగా వేర్లు పైకి పంపలేవు. అప్పుడు మొక్క ఆకుల్ని వాల్చుకుంటుంది, ఎండ తక్కువ తగలడానికి. అది రోగం కాదు, మొక్క తనను తాను కాపాడుకునే పద్ధతి.

అదే మొక్కను మర్నాడు ఉదయం ఆరింటికి చూడండి. ఆకులు నిలబడి ఉంటే సమస్య ఎండే. మొక్కకు 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టండి, లేదా మధ్యాహ్నం నీడ పడే గోడ వారకు జరపండి. కుండీ కింద రెండు ఇటుకలు పెడితే స్లాబు వేడి నేరుగా తగలదు. నల్ల గ్రోబ్యాగుల్లో పెట్టినవాళ్ళు ఒకసారి ఎండలో బ్యాగు పక్కకు అరచేయి ఆనించి చూడండి. చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల వేర్లు ఉడుకుతున్నట్టే. దాని చుట్టూ పాత గోనెసంచి చుట్టండి, చాలా తేడా కనిపిస్తుంది.

ఉదయం ఆరింటికి కూడా వాలే ఉందా? అయితే ముందుకు వెళ్దాం. రాత్రంతా చల్లగా ఉన్నాక కూడా లేవలేదంటే సంగతి మట్టిలోనో, వేర్లలోనో, కాండంలోనో ఉంది.

రెండోది: మట్టిలో వేలు, కుండీ బరువు

చూపుడువేలు రెండు కణుపులు మునిగేదాకా మట్టిలో గుచ్చండి. పైపొరను చూసి మోసపోవద్దు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) ఎక్కువ వేసిన కుండీల్లో పైన లేత గోధుమరంగులో పొడిపొడిగా ఉంటుంది, రెండు అంగుళాల లోపల పిండితే నీళ్ళు కారేట్టు ఉంటుంది. వేలుతో తేలకపోతే చీపురుపుల్ల ఒకటి అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. మట్టి అంటుకుని వస్తే లోపల తడి ఉంది. శుభ్రంగా వస్తే లేదు.

తర్వాత కుండీని ఒక పక్కకు కాస్త వంచి ఎత్తి చూడండి. ఈ అలవాటు చేసుకోవడానికి వారం పడుతుంది. బాగా నీళ్ళు పోసిన రోజు ఒకసారి, ఆరిన రోజు ఒకసారి ఎత్తి ఆ బరువులు చేతికి గుర్తు చేసుకోండి. ఆ తర్వాత ఏ పరికరమూ అక్కర్లేదు. తేమ చూపించే మీటర్లు ఆన్‌లైన్‌లో చవకగా దొరుకుతున్నాయి కానీ, నా చేతిలో అవి నిలకడగా ఒకే లెక్క చూపించలేదు. నేను వాటిని నమ్మను.

ఆకును కూడా పట్టుకుని చూడండి. నీళ్ళు చాలని ఆకు పల్చగా, మెత్తగా, కాగితం ముక్కలా ఉంటుంది. మడిస్తే మడత పడుతుంది. నీళ్ళు ఎక్కువైన ఆకు వాలే ఉంటుంది కానీ నిండుగా, కాస్త బరువుగా తగులుతుంది. కాడ దగ్గర్నుంచే కిందికి వంగి ఉంటుంది. కింది ఆకులు లేత పసుపులోకి తిరుగుతూ ఉంటాయి. ఈ రెంటికీ తేడా వేళ్లకు తెలిసిపోతుంది.

మట్టి ఎండిపోయి ఉంటే

ఇది సులువు. కాకపోతే ఒక చిక్కుంది. పూర్తిగా ఎండిన మట్టి కుండీ అంచు నుంచి విడిపోయి చుట్టూ సందు వస్తుంది. మీరు పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచి జారి అడుగున బయటకు వచ్చేస్తాయి. నీళ్ళు పోశాను కదా అని మీరు అనుకుంటారు, వేరుకు మాత్రం చుక్క అందదు. అలాంటప్పుడు కుండీని నీళ్ళున్న టబ్బులో సగం దాకా మునిగేలా పెట్టి అరగంట ఉంచండి. పైమట్టి తడిసి రంగు మారాక తీసి, నీళ్ళు ఓడ్చి నీడలో పెట్టండి. రెండు మూడు గంటల్లో ఆకులు లేస్తాయి.

రోజూ నీళ్ళు పోస్తున్నా రోజూ సాయంత్రానికి వాలుతోందంటే కుండీ చిన్నదైపోయి ఉండొచ్చు. మొక్కను మెల్లగా పైకి తీస్తే వేర్లు గుండ్రంగా చాపలా చుట్టుకుని ఉంటాయి, మట్టి కనపడదు. మిరపకు కనీసం 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న కుండీ కావాలి. సాయంత్రం పూట మార్చండి, మూడు నాలుగు రోజులు నీడలో ఉంచండి. మార్చిన తర్వాత రెండు రోజులు వాలి ఉంటే కంగారు పడొద్దు, అది సహజం.

మట్టి తడిగా ఉండి మొక్క వాలి ఉంటే

నేను నాలుగు మొక్కలు పోగొట్టుకున్నది ఇక్కడే. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

వేరుకు నీళ్ళు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో ఉండే గాలినే వేరు పీల్చుకుంటుంది. ఆ ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోతే వేరుకు ఊపిరాడదు. ఊపిరాడని వేరు నీళ్ళను పైకి పంపలేదు. చుట్టూ నీళ్ళే ఉన్నా పైన ఆకు దాహంతో వాలిపోతుంది. మీరు ఇంకో మగ్గు పోస్తారు. వేరు ఇంకాస్త మునుగుతుంది. అలా నాలుగైదు రోజులైతే కుళ్లు మొదలవుతుంది.

ముందు కుండీ అడుగు చూడండి. రంధ్రాలు ఉన్నాయా, మట్టితో మూసుకుపోయాయా? ఇనుప చువ్వతో పొడిచి తెరవండి. కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయండి. నీళ్ళు ఆపేసి, గాలి తగిలే చోట, నేరుగా ఎండ పడని చోట ఇటుకల మీద పెట్టండి. చాలాసార్లు ఇంతే చాలు. మూడు నాలుగు రోజుల్లో పైనున్న లేత ఆకులు మెల్లగా లేస్తాయి.

లేవకపోతే వేరు చూడాల్సిందే. కుండీని పక్కకు పడుకోబెట్టి, కాండం మొదట్లో రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మట్టి ముద్దతో సహా మొక్కను బయటకు జార్చండి. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో గట్టిగా ఉంటుంది, మట్టివాసన వేస్తుంది. నా బకెట్లోంచి తీసిన మొక్కకు వేర్లు టీ డికాక్షన్ రంగులో ఉన్నాయి. ఒకటి పట్టుకుని లాగితే పైతొక్క ఒరలాగా ఊడి చేతిలోకి వచ్చేసింది, లోపల దారంలాంటి పోగు ఒక్కటే మిగిలింది. మురుగుకాలువ వాసన. ఆ వాసన ఒకసారి చూస్తే ఇక మర్చిపోరు.

సగానికి పైగా వేర్లు తెల్లగా ఉంటే మొక్కను కాపాడొచ్చు. కుళ్లినవాటిని శుభ్రమైన కత్తెరతో కత్తిరించండి, కత్తెరను స్పిరిట్‌తో తుడవండి. ఆకుల్లో మూడో వంతు తగ్గించండి, ఎందుకంటే మిగిలిన వేర్లు అన్ని ఆకుల్ని పోషించలేవు. కాయలు, పూలు ఉంటే తుంచేయండి, మనసొప్పకపోయినా. కొత్త మట్టిలో పెట్టండి.

ఆ మట్టి ఎలా ఉండాలంటే: ఎర్రమట్టి ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, బాగా మాగిన పశువుల ఎరువో వర్మీకంపోస్టో ఒక పాలు, పైన రెండు గుప్పిళ్ల వేపపిండి. నల్లరేగడి మట్టిని కుండీలో వాడొద్దు. చేలో అది బంగారమే, కుండీలో మాత్రం తడిస్తే బంకలా ముద్దవుతుంది, ఎండితే రాయిలా బిగుస్తుంది. ఒక్క ఎర్రమట్టే నింపినా కొన్నాళ్లకు గట్టిపడుతుంది.

వేరుకుళ్లు మళ్ళీ రాకుండా ట్రైకోడెర్మా విరిడి బాగా పనిచేస్తుంది. ఇది మనకు మేలు చేసే బూజు. రైతులు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి మాగబెడతారు. మేడ మీదికి దాన్ని పదో వంతు చేసుకోండి: 9 కిలోల ఎరువు, కిలో వేపపిండి, 200 గ్రాముల పొడి. నీళ్ళు చిలకరించి, నీడలో తడి గోనెసంచి కప్పి వారం పది రోజులు ఉంచితే తెల్లగా బూజు పరుచుకుంటుంది. కుండీకి రెండు గుప్పిళ్లు వేయండి. మార్కెట్లో ప్యాకెట్ కొనేటప్పుడు గడువు తేదీ చూడటం మర్చిపోవద్దు, అది బతికున్న సరుకు.

తడి సరిగ్గానే ఉంది, ఆకు పచ్చగానే ఉంది, అయినా వడలిపోయింది

ఇది భయపడాల్సిన వడలు. నిన్న బాగున్న మొక్క ఈరోజు ఒక్కసారిగా, పచ్చి ఆకులతోనే కూలబడుతుంది. ఉదయం కూడా లేవదు. దీనికి బ్యాక్టీరియా వడలు తెగులు కారణం కావచ్చు. టమాటా, వంగ, మిరప మూడింటికీ వస్తుంది.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. కాండాన్ని నేల దగ్గర అడ్డంగా కోసి, రెండు మూడు అంగుళాల ముక్క తీసుకోండి. గాజుగ్లాసులో శుభ్రమైన నీళ్ళు పోసి, కోసిన కొన నీళ్ళలో మునిగేలా ఆ ముక్కను కదలకుండా వేలాడదీయండి. గ్లాసు వెనక నల్ల గుడ్డ పెడితే బాగా కనిపిస్తుంది. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలచుక్క జారినట్టు తెల్లటి సన్నని దారాలు కిందికి దిగితే అది బ్యాక్టీరియా. నేను ఇది ఒక వంగ మొక్కతో చేసి చూశాను. అగరుబత్తి పొగను తలకిందులు చేసినట్టు, తెల్లటి పోగు ఒకటి మెల్లగా కిందికి జారింది.

దారాలు రాకుండా, కాండం కోస్తే లోపల గోధుమరంగు చారలు కనిపించి, అంతకుముందే కింది ఆకులు పసుపెక్కి ఉంటే అది బూజు వల్ల వచ్చే ఎండు తెగులు.

రెండింటికీ మొక్కను కాపాడే మందు లేదు. ఎవరైనా ఉందని అమ్మితే కొనొద్దు. మొక్కను మట్టితో సహా తీసేయండి, పక్క కుండీల్లోకి ఆ నీళ్ళు పారనివ్వొద్దు. బ్యాక్టీరియా తెగులు వచ్చిన మట్టిని తోటలో మళ్ళీ వాడకండి, కంపోస్టు డబ్బాలో కూడా వేయకండి. కుండీని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండలో ఆరబెట్టండి. మామూలు పాత మట్టినైతే వేసవిలో శుద్ధి చేసుకోవచ్చు: తడిపి, మేడ మీద పల్చగా పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచులు బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండనివ్వండి. మన మే నెల ఎండకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

ఇక రోజూ మధ్యాహ్నం వాలుతూ, రాత్రికి లేస్తూ, నెలల తరబడి ఎదగకుండా గిడసబారిన మొక్కను పీకితే, వేర్ల మీద కణితులు కనిపించొచ్చు. అవి మట్టిలో ఉండే నులిపురుగుల పని. చిక్కుడు జాతి వేర్ల మీద కూడా బుడిపెలు ఉంటాయి కానీ అవి గోటితో గిల్లితే ఊడొస్తాయి, మేలు చేసేవి. నులిపురుగుల కణితి వేరులోనే భాగం, ఊడదు. ఆ కుండీలో ఈసారి మిరప మాని బంతి వేయండి. వేపపిండి కలపండి.

ఆకులు ఉబ్బితే

ఉబ్బు రెండు మూడు రకాలు. కలిపేసుకుంటే మందు తప్పుతుంది.

ముసురు రోజుల్లో ఆకును తిప్పి చూస్తే అడుగున ఉప్పురవ్వ చల్లినట్టు చిన్నచిన్న పొక్కులు కనిపిస్తాయి. వేలితో రాస్తే గరుగ్గా తగులుతాయి. కొన్నాళ్లకు అవే గోధుమరంగులో బెండులాగా మారతాయి. ఇది తెగులు కాదు. గాలిలో తేమ ఎక్కువై ఆకు నీటిని ఆవిరి చేయలేకపోతుంది, కింద వేరు మాత్రం తడి మట్టిలోంచి తోడుతూనే ఉంటుంది. ఆ నీళ్ళు పోయే దారి లేక ఆకు కణాలు ఉబ్బి పగులుతాయి. మందు కొట్టే పనే లేదు. నీళ్ళు తగ్గించండి, ఉదయం మాత్రమే పోయండి, కుండీల మధ్య ఒక అడుగు దూరం ఉంచండి. పొక్కుల్ని చూసి పురుగు గుడ్లనుకుని మందు కొట్టినవాళ్ళు నాకు తెలుసు. గుడ్లయితే గోటితో గీకితే వచ్చేస్తాయి, పొక్కులు రావు. అమెరికాలో ఉండి చలికాలం మిరప కుండీని ఇంట్లోకి తెచ్చి గ్రోలైటు కింద పెట్టుకునేవాళ్ళకు కూడా ఈ పొక్కులే ఎక్కువగా వస్తాయి. వెలుతురు తక్కువ, గాలి తక్కువ, నీళ్ళు మాత్రం ఎండాకాలం లెక్కలోనే పోస్తుంటారు. వాటికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా చూడండి.

రెండో ఉబ్బు ఈనెలది. ఆకు చిన్నదై, ఈనెల మధ్య భాగం బుడగల్లా పైకి లేచి, ఈనెలు మందంగా ఉబ్బి, అంచులు పైకి ముడుచుకుని, కణుపుల మధ్య దూరం తగ్గి మొక్క తలంతా కుచ్చులా తయారైతే అది వైరస్. మన రైతులు బొబ్బర తెగులు అంటారు. తెల్లదోమ మోసుకొస్తుంది. మొక్క చచ్చిపోదు, అదే మోసం. పచ్చగా నిలబడి ఉంటుంది, పూలు రాలుస్తుంది, కాసినా వంకర కాయలు కాస్తుంది, పక్క మొక్కలకు మాత్రం అంటిస్తూ ఉంటుంది. దీనికి మందు లేదు. పీకేయండి. పీకేముందు ఒక పని చేయండి: తెల్లవారుజామున, దోమలు చురుగ్గా లేనప్పుడు, పెద్ద ప్లాస్టిక్ సంచి మొక్క మీద బోర్లించి, మూతి బిగించి, అప్పుడు మొదలుకంటా కోయండి. ఊరికే లాగితే ఆకుల కిందున్న తెల్లదోమలన్నీ లేచి పక్క కుండీ మీద వాలతాయి.

మూడోది, ఆకు ముదురాకుపచ్చగా, దళసరిగా, కొన గోళ్లలా కిందికి వంగి ఉండటం. యూరియా, డీఏపీ చేతికి వచ్చినంత వేసిన కుండీల్లో ఇది చూస్తాను. నత్రజని ఎక్కువైంది. ఆకు కొనలు కాలినట్టు మాడి, మట్టి మీద తెల్లటి పొరలా కడితే లవణాలు పేరుకున్నాయి. బోరు నీళ్ళతోనూ ఇది వస్తుంది. ముఖ్యంగా ఒక మాట: ఆర్వో వాటర్ ఫిల్టర్ నుంచి బయటకు వచ్చే వృథా నీళ్ళను కుండీలకు పోయకండి. పారబోయడానికి మనసు రాదు, నిజమే. కానీ ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయి. వాటితో మేడ కడగండి. లవణాలు పేరుకున్న కుండీకి, దాని పరిమాణానికి రెండు మూడింతల మంచినీళ్ళు మెల్లగా పోసి అడుగు నుంచి పూర్తిగా ఓడిపోనివ్వండి. రంధ్రాలు బాగున్న కుండీలోనే ఈ పని చేయాలి. ఆ తర్వాత నెల రోజులు ఏ ఎరువూ వేయొద్దు.

టమాటా పెంచేవాళ్ళు ఒకటి గమనించాలి. కింది ఆకులు గొట్టంలా పైకి చుట్టుకుని, తోలులా మందంగా మారి, పై చిగుళ్లు మాత్రం బాగుంటే కంగారు అక్కర్లేదు. ఎండకో, కొమ్మలు ఎక్కువ కత్తిరించడానికో అలా అవుతుంది. కాపు తగ్గదు.

ముడత పైకా, కిందికా?

మిరప రైతుకు ఇది ఓనమాలు. ఆకు అంచులు పైకి లేచి పడవలా అయితే పైముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి మడిచి బోర్లించిన పడవలా అయితే కిందిముడత, తెల్లనల్లి పని. ఒకదాని మందు ఇంకోదానికి సరిగా పనిచేయదు కాబట్టి ఈ తేడా పట్టుకోవాలి.

తెల్ల కాగితం ఒకటి కొమ్మ కింద పట్టి, చిగురును రెండుసార్లు తట్టండి. సన్నగా, పొడవుగా, చీపురు తుంపులాంటివి కదిలితే తామర పురుగులు. పూలను కూడా తట్టి చూడండి. 2021-22లో మన రెండు రాష్ట్రాల మిరప రైతులను నిండా ముంచిన నల్ల తామర పురుగు పూలలోనే గుంపులుగా ఉండేది. తెల్లనల్లి కంటికి ఆనదు. ఫోను కెమెరాకు బిగించే చిన్న భూతద్దం ఉంటే చిగురాకు అడుగున కనిపిస్తుంది. లేకపోతే గుర్తులు చూడండి: ఆకు కాడ సాగి ఎలుక తోకలా పొడవవుతుంది, ఆకు ముదురు రంగులో పెళుసుగా ఉంటుంది.

తామర పురుగులకు కుండీల మధ్య నీలిరంగు జిగురు అట్టలు కట్టండి, తెల్లదోమకు పసుపువి. లీటరు నీటికి, డబ్బా మీద 1500 పీపీఎం అని రాసి ఉన్న వేపనూనె 5 మిల్లీలీటర్లు, కాస్త కుంకుడురసం కలిపి నురగ వచ్చేదాకా గిలకొట్టి, సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టండి. ఐదారు రోజులకోసారి మూడు సార్లు. తెల్లనల్లికి, నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో గంధకం కొడితే ఆకులు మాడతాయి. వేపనూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం కొట్టొద్దు. ముందు ఒక్క కొమ్మ మీద కొట్టి మర్నాడు చూసుకోవడం మంచిది. ఏది కొట్టినా మూతికి గుడ్డ కట్టుకోండి, తర్వాత కోసిన కాయలు బాగా కడగండి.

పొలాల్లో వాడే ఘాటు పురుగుమందులు మేడ మీదికి తేవద్దని గట్టిగా చెప్తాను. మనం ఈ మొక్కలు పెట్టుకున్నదే పొద్దున రెండు పచ్చిమిరపకాయలు తెంపి నేరుగా పోపులో వేసుకోవడానికి. ఊరినుంచి స్ప్రేయర్ తెచ్చుకునేవాళ్ళు దానితో అంతకుముందు కలుపుమందు కొట్టారేమో అడగండి. డబ్బాలో మిగిలిన కొద్దిపాటి మందుకే టమాటా ఆకులు మెలితిరిగిపోతాయి. అది చూసి వైరస్ అనుకుంటారు.

ఒకేసారి అన్నీ చేయకండి

మొక్క వాలిందన్న టెన్షన్‌లో ఒకే రోజు కుండీ మార్చి, ఎరువు వేసి, వేపనూనె కొట్టి, నీడలోకి జరిపితే, అది బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. వేర్లు బలహీనంగా ఉన్నప్పుడు ఎరువు అసలు వేయకూడదు. జ్వరమొచ్చినవాళ్ళకు విందుభోజనం పెట్టం కదా. ఒక మార్పు చేసి నాలుగు రోజులు చూడండి. రోజూ ఉదయం ఒకే చోట నిలబడి ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి, తేడా కంటికి కాదు, ఫొటోలకు తెలుస్తుంది.

అప్పటికీ తేలకపోతే ఆకులు, వేర్లు, కాయ ఒకటి కాగితం సంచిలో పెట్టుకుని దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే దారిలోనే చెమర్చి కుళ్లుతాయి, చూసేవాళ్ళకు ఏమీ అర్థం కాదు. వేరు లేకుండా ఆకు ఒక్కటే తీసుకెళ్తే వాళ్ళూ ఊహించే చెప్పాలి.

ముడుచుకున్న పాత ఆకు మళ్ళీ సాపు కాదు, పొక్కులు పడ్డ ఆకు మళ్ళీ నునుపెక్కదు. వాటిని రోజూ చూసుకుంటూ దిగులు పడకండి. చూడాల్సింది కొమ్మ చివర చిగురును. పది రోజుల తర్వాత అక్కడ విచ్చిన రెండు కొత్త ఆకులు చదునుగా, లేతగా, ఉదయం ఆరింటికి నిలబడి ఉంటే కారణం సరిగ్గానే పట్టుకున్నట్టు. అప్పుడు కింది పాత ఆకులు ఒకటొకటిగా, రోజుకు రెండు మించకుండా తుంచేయండి.